ఏ పక్కకూ చేరనివాడి హక్కు

1980 మే 17 రాత్రి పెరూ దేశంలోని చుస్చి అనే కొండపల్లెలో కొందరు సాయుధులు ఎన్నికల కార్యాలయంలోకి చొరబడ్డారు. పన్నెండేళ్ల సైనిక పాలన ముగిసి, మర్నాడే దేశమంతా ఓటెయ్యబోతోంది. వచ్చినవాళ్లు ఎవరినీ చంపలేదు. ఓటర్ల రిజిస్టరునూ బ్యాలెట్ పెట్టెలనూ ఊరి మధ్యకు తెచ్చి తగలబెట్టి వెళ్లిపోయారు. షైనింగ్ పాత్ అనే మావోయిస్టు పార్టీ సాయుధ పోరాటం ఆ మంటతోనే మొదలైంది. 2003లో ఆ దేశపు సత్య కమిషన్ ఇరవై ఏళ్ల లెక్క తీసింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేకుండా పోయినవాళ్లు కలిపి 69,280 మంది ఉంటారని అంచనా కట్టింది. అందులో నాలుగింట మూడొంతుల మంది క్వెచువా లేదా మరో స్థానిక భాష మాట్లాడే పేదలు. ఎక్కువమంది కొండపల్లెల రైతులు.

మొదటి దెబ్బ బ్యాలెట్ పెట్టె మీద ఎందుకు పడిందో ఆలోచించాలి. ఎన్నికలు బూర్జువా మోసం అన్న సిద్ధాంతం ఒక కారణం, నిజమే. కానీ లోతైన కారణం ఇంకొకటుంది. గెరిల్లా యుద్ధం ప్రతి మనిషినీ అడిగే ప్రశ్న ఒక్కటే: నువ్వు ఎవరి పక్క? రహస్య ఓటు ఆ మనిషికి ఇచ్చే ధైర్యం కూడా ఒక్కటే: ఆ ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పాల్సిన పని లేదు. ఈ రెండూ ఒక ఊళ్లో ఎక్కువ కాలం కలిసి ఉండలేవు.

కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరు రెండు పార్టీలుగా చీలినప్పుడు (ఇక్కడ పార్టీ అంటే జెండా గుర్తు కంటే ముందు ఊళ్లో ఉన్న వర్గం), ఎవరి ఇంటి పెళ్లికి వెళ్లావు, ఎవరి అరుగు మీద కూర్చున్నావు, ఎవరి ట్రాక్టరు పిలిచావు అన్నవి కూడా జవాబుల కిందే లెక్క. గెరిల్లా యుద్ధానికి ప్రపంచం రాసుకున్న నియమాలను ఈ మూడు జిల్లాల అనుభవం పక్కన పెట్టి చదివితే, అవి ఎక్కడ పని చేస్తాయో ఎక్కడ చేతులెత్తేస్తాయో బాగా కనిపిస్తుంది.

నియమాల మొదటి రూపం సైనికుల కోసం తయారైంది. మామూలు మనుషుల సంగతి అందులో తక్కువ. 1863లో అమెరికా అంతర్యుద్ధం మధ్య తెచ్చిన లీబర్ నియమావళి, పగలు పొలం పని చేసుకుంటూ వీలు దొరికినప్పుడు తుపాకీ పట్టేవాడికి యుద్ధఖైదీ హోదా ఇవ్వక్కర్లేదని చెప్పింది. 1899, 1907 హేగ్ నిబంధనలు నాలుగు షరతులు పెట్టాయి: బాధ్యత వహించే నాయకుడు ఉండాలి, దూరం నుంచి గుర్తుపట్టగల చిహ్నం ఉండాలి, ఆయుధం కనిపించేలా పట్టుకోవాలి, యుద్ధ నియమాలను పాటించాలి. గెరిల్లా ఈ షరతులు పాటిస్తే గెరిల్లాగా బతకలేడు. అతని బలమంతా జనంలో కలిసిపోవడంలోనే ఉంది. యూనిఫాం వేసుకుని, తుపాకీ భుజాన పెట్టుకుని సంతలో తిరిగితే సాయంత్రానికి శవమవుతాడు. ఈ షరతులు రాసిన దేశాల్లో చాలావాటికి అప్పటికి వలసలున్నాయి. వలసల్లో తిరగబడినవాడికి ఖైదీ హోదా దక్కకపోతే వాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు.

అసలు ఈ నియమాలేవీ లేని కాలంలో ఏం జరిగేదో చూడటానికి పెరూ దాకా పోనక్కర్లేదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను అణచి, వాళ్లలో చాలామందిని పింఛన్ల మీదకు తెచ్చాడు. ఊరి కాపలాకు మాన్యాలు అనుభవించే కట్టుబడి బంట్రోతుల భూములకూ తర్వాత్తర్వాత ఎసరు వచ్చింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లలో మాన్యాల మీద బెంగ పెట్టుకున్న కట్టుబడులు ఎందరో ఉన్నారు. యూనిఫాం లేదు, సైన్యం కాదు, పోరాటం అయ్యాక ఊళ్లోకి, నల్లమలలోకి కలిసిపోయే మనుషులు. కంపెనీ దృష్టిలో వాళ్లు బందిపోట్లు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో జనం ముందు ఉరి తీసి, తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. శవానికి కూడా మర్యాద ఉంటుందన్న నియమం అంతర్యుద్ధాల విషయంలో కాగితం మీదకు స్పష్టంగా రావడానికి మరో నూట ముప్పై ఏళ్లు పట్టింది.

1949 జెనీవా ఒప్పందాల్లో ఒక చిన్న తలుపు తెరుచుకుంది. నాలుగు ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణం దేశం లోపల జరిగే సాయుధ పోరాటాల గురించి మాట్లాడింది. అందులో ఉన్నది చాలా తక్కువ. పోరాటంలో పాల్గొననివాళ్లనూ, ఆయుధం వదిలేసినవాళ్లనూ, గాయపడి పడిపోయినవాళ్లనూ మనుషులుగా చూడాలి. చంపకూడదు, చిత్రహింస పెట్టకూడదు, బందీలుగా పట్టుకోకూడదు, అవమానించకూడదు, సక్రమమైన కోర్టు విచారణ లేకుండా శిక్ష వేయకూడదు. గాయపడినవాళ్లను ఏరి వైద్యం చేయించాలి. ఇవి ప్రభుత్వానికీ వర్తిస్తాయి, ఎదిరించేవాళ్లకూ వర్తిస్తాయి. అవతలివాడు పాటించలేదు కాబట్టి మేమూ పాటించం అనే వీలు ఇందులో లేదు.

ఇంత చిన్న తలుపుకే ప్రభుత్వాలు బెదిరిపోయాయి. 3వ అధికరణం వర్తిస్తుందని ఒప్పుకుంటే దేశంలో అంతర్యుద్ధం ఉందని ఒప్పుకున్నట్టే, తిరుగుబాటుదారులకు గుర్తింపు ఇచ్చినట్టే అన్న భయం. ఆ అధికరణం చివరి వాక్యం, దీనివల్ల ఎవరి చట్టపరమైన హోదా మారదని తేటతెల్లంగా చెబుతున్నా భయం పోలేదు. మన దేశం జెనీవా ఒప్పందాలను ఆమోదించి 1960లో చట్టం కూడా చేసింది. కానీ మధ్య భారతంలో గానీ ఈశాన్యంలో గానీ జరుగుతున్నది సాయుధ పోరాటం అని ప్రభుత్వం ఏనాడూ అనలేదు. అది శాంతిభద్రతల సమస్య అంటుంది. ఆ ఒప్పందాలకు 1977లో చేర్చిన రెండు అదనపు ప్రోటోకాళ్లనూ భారత్ ఆమోదించలేదు. వాటిలో మొదటిది వలస పాలన మీద పోరాడే గెరిల్లాకు కొంత వెసులుబాటు ఇచ్చింది, కనీసం దాడికి దిగే సమయంలోనైనా ఆయుధం బయటకు కనపడాలన్న షరతుతో. రెండోది అంతర్యుద్ధాల కోసమే రాసింది. దాని గడప మాత్రం చాలా ఎత్తు. తిరుగుబాటుదారుల చేతిలో కొంత భూభాగం ఉండాలి. అల్లర్లకూ, అక్కడక్కడా జరిగే హింసకూ అది వర్తించదని మొదట్లోనే రాసి ఉంది.

శాంతిభద్రతల సమస్య అన్న మాటలో ఒక మంచి ఉంది, దాన్ని కాదనకూడదు. యుద్ధ చట్టం శత్రు సైనికుడు కనపడితే కాల్చే వీలు ఇస్తుంది. క్రిమినల్ చట్టం ఇవ్వదు. ఆత్మరక్షణ లాంటి, చట్టం ఒప్పుకునే కొద్ది సందర్భాల్లో తప్ప చంపితే పోలీసైనా హంతకుడే. కాబట్టి ఇది యుద్ధం కాదు, నేరం అని నిజాయితీగా చెప్పే ప్రభుత్వం తన చేతులను ఇంకా గట్టిగా కట్టేసుకుంటోందని అర్థం. చిక్కల్లా మాట ఒకటి, చేత ఒకటి కావడంలో ఉంది. పేరుకు శాంతిభద్రతలు, అడవిలో యుద్ధం. అప్పుడు పౌరుడికి యుద్ధ చట్టం రక్షణా ఉండదు, క్రిమినల్ చట్టం రక్షణా ఉండదు.

నియమాలన్నింటికీ ఇరుసు లాంటిది పౌరుడెవరు అన్న ప్రశ్న. రాత్రి తలుపు తట్టి అన్నం అడిగితే పెట్టినవాడు ఎవరు? అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2009లో ఇచ్చిన వివరణ ప్రకారం, పోరాటంలో నేరుగా పాల్గొన్నప్పుడు మాత్రమే పౌరుడు రక్షణ కోల్పోతాడు, అదీ పాల్గొన్నంతసేపే. అన్నం పెట్టడం, సానుభూతి చూపడం పోరాటం కిందికి రావు. దేశాల చట్టాలు అంత ఉదారంగా లేవు. మన చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 19వ సెక్షన్ కింద ఉగ్రవాది అని తెలిసి ఆశ్రయం ఇస్తే కనీసం మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ యావజ్జీవం. తుపాకీ పట్టుకుని గడపలో నిలబడ్డవాడికి లేదని చెప్పే స్వేచ్ఛ ఆ రైతుకు ఉందా అన్నది కోర్టులో తేలే సరికి అతని జీవితం తెల్లారిపోతుంది. ఒకప్పుడు నల్లమల అంచు పల్లెల్లో అన్నలకు అన్నం పెట్టారన్న మాట చాలు, మర్నాడు పొద్దున పోలీసు జీపు రావడానికి. పెట్టలేదంటే ఆ రాత్రి ఇంకెవరో వస్తారు.

పెరూలోనే ఉచురాక్కాయ్ అనే ఊరుంది. 1983 జనవరిలో అక్కడికి వెళ్లిన ఎనిమిది మంది పత్రికా విలేకరులను షైనింగ్ పాత్ మనుషులనుకుని ఊరివాళ్లే కొట్టి చంపారు. అంతకుముందు భద్రతా దళాలు వాళ్లకు చెప్పాయి, అపరిచితులు వస్తే చంపండని. దేశమంతా ఆ ఊరిని ఆటవికులని తిట్టిపోసింది. ఆ తర్వాతి నెలల్లో ఆ ఊరికి ఏమైందో చాలాకాలం ఎవరూ అడగలేదు. సత్య కమిషన్ తేల్చిన ప్రకారం ఉచురాక్కాయ్‌లో 135 మంది చనిపోయారు. కొందరిని షైనింగ్ పాత్ చంపింది, కొందరిని సైన్యం, ఇంకొందరిని పక్క ఊళ్ల రక్షక దళాలు. మిగిలినవాళ్లు ఊరు ఖాళీ చేసి చెల్లాచెదురైపోయారు. ఎవరి పక్కనా లేనివాడికి మూడు వైపుల నుంచీ చావు వస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన లెక్క దొరకదు.

సీమ ఫ్యాక్షన్‌ను దీనితో పోల్చవచ్చా? చట్టం ప్రకారం కుదరదు. యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రైబ్యునల్ 1995లో టాడిచ్ కేసులో చెప్పిన కొలత ప్రకారం, హింస చాలాకాలం సాగాలి, పోరాడే బృందాలకు గట్టి నిర్మాణం ఉండాలి. ఊరి పెద్దారెడ్డి వెనక తిరిగే ఇరవై మంది, రెండు సుమోలు, పంచాయతీకో గుత్తకో రాజుకున్న పగ ఆ కొలతకు అందవు. అది హత్య, హత్యాయత్నం, పేలుడు పదార్థాల చట్టం కేసు. అంతే.

హోదా సంగతి పక్కన పెట్టి, దెబ్బ తగిలేది ఎవరికో చూస్తే పోలిక వద్దన్నా వస్తుంది. అవతలి వర్గం మనిషి దొరకనప్పుడు అతని తోట దొరుకుతుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లతో పెంచి, కాపుకొచ్చిన చీనీ చెట్లను ఒక్క రాత్రిలో నరికేస్తారు. బోరు మోటారు పగలగొడతారు, గడ్డివాము తగలబెడతారు. వాన నమ్ముకోలేని అనంతపురం నేలలో చీనీ తోట నరకడమంటే ఆ కుటుంబం పదేళ్ల భవిష్యత్తును నరకడమే. రెండో అదనపు ప్రోటోకాల్ 14వ అధికరణం సరిగ్గా వీటి గురించే మాట్లాడుతుంది: పౌరుల బతుకుకు అవసరమైన పంటలు, పశువులు, తాగునీటి, సాగునీటి ఏర్పాట్ల జోలికి పోకూడదు. 17వ అధికరణం జనాన్ని బలవంతంగా ఊరు ఖాళీ చేయించకూడదంటుంది. ఓడిపోయిన వర్గం కుటుంబాలు తాళాలు వేసి ప్రొద్దుటూరుకో, కర్నూలుకో, తాడిపత్రికో పోయి, పొలాలు బీళ్లు పడ్డ కథలు ఈ జిల్లాల్లో ఎన్నో. జెనీవాలో కూర్చుని యుద్ధం గురించి రాసినవాళ్లకు సీమ పల్లె తెలియదు. అయినా రెండు చోట్లా చెయ్యి పడేది అవే వస్తువుల మీద.

ఫ్యాక్షన్‌కూ నీతి ఉంది, ఆడవాళ్ల జోలికి, పిల్లల జోలికి పోరు అని గొప్పగా చెప్పుకోవడం వింటూ ఉంటాం. కొంతవరకు అది నిజంగానే నడిచింది. మగవాళ్లు ఊరు వదిలి పారిపోయినప్పుడు సేద్యం, పశువులు, కోర్టు వాయిదాలకు డబ్బు సర్దడం అన్నీ ఆడవాళ్లే చూసుకున్నారు. వాళ్లను చంపరన్న నమ్మకం మీదే అది సాధ్యమైంది. ఆ నీతిని మెచ్చుకునే ముందు దాని ఖరీదు చూడాలి. చంపకుండా వదిలిన ఆడదానికి మిగిలింది వైధవ్యం, ఎండిపోయిన తోట, పెరిగాక పగ తీర్చుకోవాలని ఊరంతా ఎదురుచూసే కొడుకు. పైగా రాయని నియమానికి ఒక బలహీనత ఉంటుంది. తప్పినప్పుడు అడిగేవాడు ఉండడు. నాటు బాంబు ఎవరిని చూసి పేలుతుంది? గడ్డివాములోనో గోడ పక్కనో దాచిన బాంబును బంతి అనుకుని పట్టుకున్న పిల్లవాడికి ఏ నీతీ అడ్డు రాదు.

రాసిన చట్టం ఉంది కదా, మరి అది ఏం చేస్తోంది? హత్య కేసులో రాజీకి చట్టం ఒప్పుకోదు. అయినా రాజీలు జరుగుతాయి. రెండు వర్గాల పెద్దలూ కూర్చుని, మీ కేసులో మా సాక్షులు, మా కేసులో మీ సాక్షులు అని లెక్క సరిచేసుకుంటారు. కోర్టులో సాక్షి నేను చూడలేదంటాడు, కేసు కొట్టేస్తారు. సాక్షి పిరికివాడని తిట్టడం తేలిక. అతని స్థితి ఆలోచిస్తే అతను చేసింది తెలివైన పనే. నిజం చెప్పిన మరుక్షణం అతను ఒక పక్క మనిషి అయిపోతాడు, చూసింది చూసినట్టు చెప్పిన పౌరుడిగా అతన్ని ఎవరూ చూడరు. పోలీసులకూ అదే అలవాటు. ఎన్నికల ముందు రెండు వర్గాలవాళ్లనూ సమానంగా బైండోవర్ చేసేటప్పుడు (అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకునేటప్పుడు), జాబితా నింపడానికి ఏ గొడవా లేని పేర్లు కూడా అందులో పడతాయని ఊళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు. సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతా చట్టంలా అమలు చేయాలంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ రాష్ట్రాలన్నీ అలాంటి పథకం తేవాలంటోంది. ఐదు వందల గడపల ఊళ్లో సాక్షిని దాచడం ఎలాగన్నది పథకాలు రాసేవాళ్లకు అంత సులువుగా తట్టదు. ఢిల్లీలో అయితే ఇల్లు మార్చవచ్చు. నాలుగెకరాల చేను ఉన్న రైతు ఇల్లు మారితే చేను కూడా వెంట వస్తుందా?

ఇక ప్రభుత్వమే ఒక పక్కకు ఆయుధం ఇవ్వడం. అభివృద్ధి చెందుతున్న ప్రజాస్వామ్యాలన్నింటికీ ఇది పెద్ద ఆశ, ఖర్చు తక్కువ, ఊరి భూగోళం తెలిసినవాళ్లు. కొలంబియా 1994లో కొన్‌వివీర్ పేరుతో పౌర భద్రతా సంఘాలకు చట్టబద్ధంగా తుపాకులిచ్చింది. వాటిలో కొన్ని కొద్ది ఏళ్లలోనే పారామిలిటరీ ముఠాలతో కలిసిపోయాయి. 2006 తర్వాత బయటపడ్డ వ్యవహారంలో ఆ ముఠాలతో చేతులు కలిపిన పార్లమెంటు సభ్యులు వరసగా జైలుకు పోయారు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదకు ఊరివాళ్లనే నిలబెట్టిన, 2005లో మొదలైన సల్వాజుడుం మీద 2011 జులై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ధర్మాసనానిది. పెద్దగా చదువు లేని ఆదివాసీ యువకులకు నెలకు మూడు వేలిచ్చి, తుపాకీ చేతికిచ్చి యుద్ధంలోకి తోయడం సమానత్వ హక్కుకూ, జీవించే హక్కుకూ విరుద్ధమని ఆ తీర్పు తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాదే కొత్త చట్టం చేసి అదే మనుషులను సహాయక సాయుధ పోలీసు దళంలోకి తీసుకుంది. తీర్పులో మిగిలింది అక్షరమే.

సీమలో ఇదే పని గన్‌మెన్, లైసెన్సు తుపాకీ రూపంలో జరిగింది. ప్రాణభయం ఉందని వర్గ నాయకుడు దరఖాస్తు పెట్టుకుంటాడు. భయం నిజమే. ప్రభుత్వం ఇద్దరు గన్‌మెన్‌ను ఇస్తుంది. ఊళ్లోకి దిగినప్పుడు ఆ యూనిఫాం వెనక కూర్చున్న నాయకుడిని చూసిన మామూలు మనిషి, ప్రభుత్వం ఏ పక్కనుందో అని అడగడు, తనకు అర్థమైపోతుంది. అధికారం మారితే గన్‌మెన్ కూడా పక్క మారతారు. కాపలా ఎంత ఉన్నా పగ ఆగదని కూడా సీమ చూసింది. 2005 జనవరి 24న అనంతపురం నడిబొడ్డున, పార్టీ కార్యాలయం దగ్గరే ఎమ్మెల్యే పరిటాల రవి హత్య జరిగింది.

ప్రభుత్వం తానే చంపినప్పుడు నియమం ఏమిటన్నది మన హైకోర్టు నుంచి గట్టిగా వినబడింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే దాని మీద ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేననీ, ఆత్మరక్షణ కోసం కాల్చామన్నది విచారణలో రుజువు చేసుకోవాలనీ చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. 2014లో మరో కేసులో అదే సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో పెద్దగా చర్చకు రానిది ఒకటుంది. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. పైకి ఆఫీసు వ్యవహారంలా కనిపించే ఈ నియమం విలువ తెలియాలంటే కొలంబియా చూడాలి. అక్కడ సైనికుల పనితనాన్ని శవాల సంఖ్యతో కొలిచి సెలవులు, బహుమతులు ఇచ్చారు. శాంతి ఒప్పందం తర్వాత ఏర్పడ్డ ప్రత్యేక న్యాయస్థానం 2021లో చెప్పిన లెక్క ప్రకారం, 2002 నుంచి 2008 లోపు 6,402 మంది అమాయకులను చంపి గెరిల్లాలుగా చూపించారు. ఉద్యోగం ఇప్పిస్తామని తీసుకెళ్లిన కుర్రాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ ఏళ్లలో కూడా ఆ దేశంలో ఎన్నికలు ఆగలేదు. పార్లమెంటు నడుస్తూనే ఉంది, పత్రికలు వస్తూనే ఉన్నాయి.

రెండు పక్కలకూ ఒకే నియమం చెప్పే మూడో గొంతు తెలుగు నేల మీద ఉండేది. 1987లో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఒకరైన ఎస్.ఆర్. శంకరన్, తర్వాత కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీకి నాయకత్వం వహించి, ఏళ్ల తరబడి ఇటు పోలీసులనూ అటు నక్సలైట్లనూ ప్రశ్నించారు. ఒకప్పుడు తనను బందీగా పట్టుకున్నవాళ్లతో కూర్చుని, వాళ్ల ప్రాణాలకూ చట్టం వర్తించాలని ప్రభుత్వంతో వాదించడానికి మామూలు నిబ్బరం చాలదు. 2004 అక్టోబరులో నల్లమల నుంచి నాయకులు బయటకు వచ్చి హైదరాబాదులో ప్రభుత్వంతో మాట్లాడటం వెనక ఆ కమిటీ కృషి ఉంది. కొద్ది నెలల్లోనే ఆ ప్రయత్నం చెడింది. బళ్లారిలో పుట్టిన కె. బాలగోపాల్ ప్రభుత్వ హింసతో పాటు విప్లవకారుల హింసనూ ప్రశ్నించాలని పట్టుబట్టి, 1998లో మానవ హక్కుల వేదిక వైపు నడిచారు. రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నారు.

నేపాల్‌లో ఆ మూడో గొంతుకు అధికారిక హోదా దొరికింది. 2005 ఏప్రిల్‌లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, రాజు పాలనలో ఉన్న ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయాన్ని రానిచ్చింది. వాళ్లు సైనిక శిబిరాలకూ వెళ్లారు, మావోయిస్టు ప్రాంతాలకూ వెళ్లారు. 2006 నవంబరులో శాంతి ఒప్పందం, 2008లో ఎన్నికలు, మావోయిస్టులే పెద్ద పార్టీ. మాయమైనవాళ్ల కుటుంబాలు మాత్రం న్యాయం కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మన దగ్గర అలాంటి పరిశీలకులను రానిస్తే సార్వభౌమత్వం పోతుందన్న వాదన గట్టిగా వినిపిస్తుంది. పోనీ, బయటివాళ్లు వద్దు. జాతీయ మానవ హక్కుల సంఘానికి సాయుధ దళాల మీద నేరుగా విచారణ జరిపే అధికారం 1993 చట్టం ఇవ్వలేదు, కేంద్రం నుంచి నివేదిక అడిగి, సిఫారసులు చేయగలదు అంతే. ఇంట్లోవాళ్లనైనా నమ్మి ఆ అధికారం ఇవ్వడానికి అడ్డేమిటో ఆ వాదన చేసేవాళ్లు చెప్పాలి.

మళ్లీ ఓటు దగ్గరకు రావాలి, ఎందుకంటే హింస చేసేవాళ్లు కూడా మళ్లీ మళ్లీ అక్కడికే వచ్చారు. 1996లో సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు ఎన్నికలు ఆపాలని పల్లె జనం చేతులు నరికారు. 2014లో అఫ్గానిస్థాన్‌లోని హెరాత్‌లో ఓటేసి వస్తున్నవాళ్ల వేళ్లు కోశారు. ఎవరికి వేశారో తెలియకపోయినా, వేలి మీది సిరా చాలు. ఓటెయ్యడమే ఒక పక్క చేరడం అయిపోయిన చోట ఓటు రహస్యంగా ఉంటే సరిపోదు.

మన సుప్రీంకోర్టు 2013లో నోటా తీర్పు ఇచ్చినప్పుడు సరిగ్గా ఈ సంగతే పట్టుకుంది. అంతకుముందు ఎవరికీ వేయనన్నవాడు 49-ఓ నిబంధన కింద పోలింగ్ అధికారి ముందు, ఏజెంట్లందరూ చూస్తుండగా, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఏ పక్కా చేరనన్న మనిషి ఒక్కడే బహిరంగంగా దొరికిపోయేవాడు. నోటా మీటతో అతనికీ రహస్యం దక్కింది. నోటాకు వచ్చే ఓట్లు తక్కువని నవ్వేవాళ్లు దాని అసలు ఉపయోగం చూడటం లేదు.

రెండో సగం, అంటే ఊరి ఓటు రహస్యం, మాత్రం అలాగే మిగిలిపోయింది. బ్యాలెట్ పత్రాల కాలంలో, ఓటర్లను బెదిరిస్తారన్న అనుమానం ఉన్న చోట 59-ఎ నిబంధన కింద వేర్వేరు బూత్‌ల పత్రాలను కలిపేసి లెక్కించే వీలుండేది. ఏ ఊరు ఎటు వేసిందో తెలిసేది కాదు. ఓటింగ్ యంత్రాలు వచ్చాక ప్రతి బూత్ లెక్కా విడిగా బయటపడుతోంది. దీనికి మందుగా ఎన్నికల సంఘం 2008లోనే టోటలైజర్ అనే పరికరాన్ని ప్రతిపాదించింది, పద్నాలుగు యంత్రాల ఓట్లను కలిపి ఒకేసారి చూపేది. లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్‌వారీగా తెలిస్తే వెనకబడ్డ చోట పార్టీలు బాగా పనిచేస్తాయన్నది అప్పుడు వినిపించిన వాదనల్లో ఒకటి. నగరాల్లో అది నిజం కావచ్చు. ఊరికి ఒకటో రెండో బూత్‌లుండే సీమ పల్లెల్లో, వెయ్యి పన్నెండొందల ఓట్ల లెక్క బయటపడ్డాక పోయేది ఊరి పింఛన్లు, రోడ్డు, ట్యాంకరు నీళ్లు. వర్గాల బలాబలాలు ముందే తెలిసిన చోట, ఇటు పడాల్సిన ముప్పై ఓట్లు అటు పడ్డాయంటే ఆ ముప్పై మంది ఎవరో ఊహించడానికి ఎంతో సేపు పట్టదు.

పంచాయతీ ఎన్నికలకు వస్తే ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, ఏకగ్రీవమైన పంచాయతీలకు నగదు ప్రోత్సాహకం ఇస్తూ వచ్చింది. గొడవలు తగ్గుతాయన్నది దాని వెనక ఉద్దేశం. కొన్ని ఊళ్లలో తగ్గి ఉండవచ్చు కూడా. నామినేషన్ వేసే రెండోవాడు ఎందుకు రాలేదని కనుక్కున్నాకే ఆ చెక్కు ఇవ్వాలన్న షరతు పెడితే ఎన్ని చెక్కులు ఆగుతాయో చూడాలి. ఇక అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల బూత్‌వారీ ఫలితాలు ఫారం 20 పేరుతో, ఎవరైనా దించుకునేలా ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో ఉంటున్నాయి. వాటిని ఊరి స్థాయిలో కాకుండా మండల స్థాయిలో కలిపి ప్రకటించాలంటే కొత్త యంత్రమేమీ కొనక్కర్లేదు, ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో సవరణ చాలు. ఆ సవరణ చేయాల్సింది కేంద్ర న్యాయశాఖ.